వెనక్కి నడిచిన భద్రతా చిత్రం

నేను నలభై సినిమాలు తీశాను. ఇరవై దేశాల్లో ఆడాయి. అయిదు కవితా సంపుటాలు వేశాను.

ఇప్పుడు సరిచేస్తాను. సినిమాలు తొమ్మిది. అందులో రెండు ఒకటే సినిమా. పేరు మార్చి ఇంకో ఉత్సవానికి పంపాను. దేశాలు రెండు, నేనుండే కలకత్తా రేవుపేట ఖిదిర్‌పూర్‌ని విడిగా లెక్కేస్తే మూడు. కవితా సంపుటాలు మాత్రం నిజంగానే అయిదు. కాకపోతే అయిదోది ప్రెస్సు నుంచి వచ్చిన కట్టలు కట్టలుగానే మా మంచం కింద ఉంది. వానాకాలం వీధిలో నీళ్ళు గడప దాటి ఇంట్లోకి వస్తే, మంచం కోళ్ళ కింద తలో కట్టా పెడతాం. నా కవిత్వం మా కుటుంబాన్ని నీళ్ళలో మునగకుండా కాపాడిందని ఏ సభలోనైనా నేను అంటే అది అబద్ధం కాదు.

ఈ మధ్య సెక్టార్ ఫైవ్‌లో ఐటీ ఉద్యోగాలు చేసే తెలుగు పిల్లలు కొందరు ఆదివారాలు మా ఇంటికి వస్తున్నారు. ఫోన్లతో సినిమాలు తీస్తారట, కవితలు కూడా రాస్తారట. వాళ్ళలో వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి, పేరు స్రవంతి, ఒకరోజు సూటిగా అడిగింది: "అంకుల్, ఈ లైన్ల బతకొచ్చా?"

నోటితో జవాబు చెప్పాను. చెబుతున్నకొద్దీ నా జీవితం నాకే అసూయ పుట్టేలా తయారైంది. ఆ పిల్ల ఉద్యోగం మానేస్తుందేమోనని భయం వేసి, కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద అబద్ధం ఆడినా రెండో వాక్యానికల్లా సిగ్గేస్తుంది నాకు.

గొళ్ళెం

మా నాన్న శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడి డాక్‌లో బస్తాలు మోశాడు. నేను డాక్ క్వార్టర్స్‌లోనే పుట్టాను. నాకు సినిమా పని నేర్పినవాడు నిర్మల్‌దా. భవానీపూర్‌లో ఒక పాత మేడ కింద గదిలో ఫిల్మ్ సొసైటీ నడిపేవాడు. సొంత కెమెరా ఉంది, సొంత అభిప్రాయాలు అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. నన్ను 'కోబి' అనేవాడు. బెంగాలీలో కవి అని.

"కోబి, కథ చెప్పేవాడు పిరికివాడు. ప్రేక్షకుడు లేచి పోతాడేమోనని భయపడి వాడికి కథ ఎర వేస్తాడు."

నా మొదటి సినిమాలో ట్రామ్ టిక్కెట్టు ఒకటి రోడ్డు మీద పడి ఉంటుంది. దాని మీద వాన కురుస్తుంది. పావుగంట. చివరికి టిక్కెట్టు ఉండదు, వాన ఉంటుంది. అది వేసినరోజు గదిలో ఉన్న పెద్దమనుషులు ఒక్కరు కూడా కదల్లేదు. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. నా గుండె పొంగిపోయింది. అయిపోయాక నేను బయటికి వెళ్ళబోతే తలుపు రాలేదు. బయట నుంచి గొళ్ళెం వేసి ఉంది. నిర్మల్‌దా వరండాలో బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

"గొళ్ళెం ఎందుకు వేశావు దాదా?"

"నీ మొదటి సినిమా కదా. ధైర్యంగా ఉంటుందని."

కళ్ళు తుడుచుకున్నాయనకి దగ్గర్లో పెళ్ళివారి బస్సు ఎక్కాల్సి ఉందట. తప్పిపోయింది.

నిర్మల్‌దా దగ్గర నేను రెండు విషయాలు నేర్చుకున్నాను. ఒకటి, ఒకే వస్తువుని విసుగు పుట్టేదాకా చూసి, ఆ విసుగు దాటేదాకా చూడటం. అది గొప్ప విద్య. రెండోది, చూసేవాడి మీద జాలి లేకపోవడం. అది రోగం. మొదటిదాన్ని పట్టుకోండి, రెండోదాన్ని అంటించుకోకండి. నాకు మాత్రం రెండూ ఒకేసారి అంటుకున్నాయి.

ఇక బతుకుతెరువు. ప్రయోగాత్మక సినిమాలు తీసేవాడికి తిండి పెట్టేది ప్రయోగం కాని పనులే. ఏక్‌బాల్‌పూర్ నుంచి మెటియాబ్రుజ్ దాకా పెళ్ళిళ్ళు, అన్నప్రాశనలు, దినకార్యాలు, నేను వీడియో తీయని శుభాశుభం లేదు. ఒక పెళ్ళిలో మాత్రం కళ ముంచుకొచ్చి, తాళి కట్టే వేళ పెళ్ళికొడుకు చెవి మీద కెమెరా పెట్టాను. ఆ చెవి ఎర్రబడటం ఒక కావ్యం. క్యాసెట్ చూసి పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు.

"తాళేదిరా?"

"తాళి శబ్దంలో ఉందండి. భజంత్రీలు గట్టిగా వినిపిస్తాయి సూడండి."

"ఓరి నీ యెంకమ్మ. సెవికి కట్టించేవేట్రా తాళి!"

ఆ తర్వాత కొన్నాళ్ళు నన్ను దినకార్యాలకే పిలిచారు.

కథ వద్దన్న నిర్మాత

నా వృత్తిలో ఒకే ఒక్క నిర్మాత నన్ను చూసి, "కథ వద్దు" అన్నాడు. ఇది అతిశయోక్తి కాదు. ఆయన సరుకు దించే ఒక కంపెనీలో మేనేజరు. కంపెనీ పేరు అనవసరం. మెడలో విజిల్ వేసుకుని తిరిగే మనిషి. భద్రతా వారోత్సవం వస్తోంది, కూలీలకి చూపించడానికి పది పన్నెండు నిమిషాల సినిమా కావాలి. ఎవరో నా పేరు చెప్పారు. కవి అని చెప్పలేదు, చవక అని చెప్పారు.

"కథ ఉండాలాండీ?" అని భయంభయంగా అడిగాను.

"కథ ఎందుకు మొశాయ్? జాగ్రత్తలు చాలు."

ఆయన్ని కౌగిలించుకోబోయాను. విజిల్ అడ్డం వచ్చింది.

ఇక్కడ డాక్ పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఓడలో సరుకు ఎత్తి దించే క్రేన్ డ్రైవరుకి, పైన గదిలోంచి, కింద ఏం జరుగుతోందో సరిగ్గా కనపడదు. ఓడ అంచున ఒక మనిషి నిలబడి చేత్తో చెబుతాడు. ఎత్తమంటే 'హబీస్', దించమంటే 'ఆరియా'. ఓడ ఇంజిన్ల మోతలో మాట వినపడదు కాబట్టి ఇవి నోటి మాటలుగా పుట్టినా చేతి మాటలుగానే బతుకుతున్నాయి. వేలు పైకి తిప్పితే హబీస్. అరచెయ్యి నిలబెడితే ఆగు. పైనున్న చెయ్యి కిందికి దిగిందా, ఆరియా. డ్రైవరు మనిషి ముఖం చూడడు, చెయ్యి చూస్తాడు. ఆ చెయ్యి ఏమంటే అదే.

మా క్వార్టర్స్‌లో అప్పలస్వామన్న క్రేన్ డ్రైవరు. అతనికి చెయ్యి చూపించేవాడు కామేసు. వీళ్ళిద్దరూ బావా బావమరుదులు: అప్పలస్వామన్న పెళ్ళాం పైడమ్మకి కామేసు సొంత తమ్ముడు. ఇంట్లో ఇద్దరికీ ఒక్క మాట పడదు. డాక్‌లో మాత్రం కామేసు చిటికెనవేలు కదిపితే అప్పలస్వామన్న అంత పెద్ద యంత్రాన్ని అంగుళం జరుపుతాడు. నేను ఒక గంట చూశాను. భద్రతా చిత్రం అంతా ఆ చెయ్యే అని తేల్చుకున్నాను. హెల్మెట్లు లేవు, బూట్లు లేవు. చెయ్యి.

ఓడ డెక్కు మీద, కామేసుకి పక్కగా కాస్త వెనక, ముక్కాలి పీట వేసి కెమెరా నిలబెట్టాను. ఎదురుగా అతని చెయ్యి, దానికి అవతల గట్టు, గట్టు వెనక డాక్ గోడ, గోడకి అవతల రోడ్డు. కెమెరా నడిపి పక్కకి వెళ్ళాను. దర్శకుడు తన షాట్‌ని తాను చూడకూడదన్నది నా సిద్ధాంతం. సిద్ధాంతం తర్వాత పెట్టుకున్నాను. అప్పటికి మోకుల గుట్ట వెనక ఝాల్‌మురీ, అదే కారం మరమరాలు, తింటున్నాను. పచ్చిమిరపకాయ కొరికి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడే ఢామ్మని శబ్దం.

ఏదో కొత్త హోటల్ కోసం విదేశం నుంచి వచ్చిన చెక్కపెట్టె గట్టు అంచుకి తగిలి పగిలింది. అందులోంచి తెల్లటి కమోడ్లు ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వచ్చి, పద్ధతిగా, తోసుకోకుండా, నీళ్ళలోకి దూకాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మేనేజరు విజిల్ ఊదుతూనే ఉన్నాడు, ఆఖరి కమోడ్ మునిగేదాకా.

"నువ్వే ఆరియా ఇచ్చావు," అన్నాడు అప్పలస్వామన్న క్రేన్ దిగి వచ్చి.

"నేనెందుకిత్తాను బావా? ఆపమని సెయ్యి నిలబెట్టేను."

"సెయ్యి దిగిందిరా. నా కళ్ళతో సూసేను."

"దిగలేదు."

"దిగింది."

ఇద్దరినీ సస్పెండ్ చేశారు. విచారణ వేస్తామన్నారు. తేలాక ఒకరికి ఉద్యోగం ఉంటుంది, రెండోవాడికి ఉద్యోగమూ క్వార్టరూ రెండూ పోతాయి.

కందపద్యం

బుద్ధున్నవాడెవడైనా అక్కడితో సినిమా సంగతి మర్చిపోతాడు. నేను గడువు తప్పని దర్శకుణ్ణి. వారం తిరక్కుండా భద్రతా చిత్రం తయారుచేసి మేనేజరు బల్ల మీద పెట్టాను.

తయారుచేయడం అంటే ఏం చేశానో చెబుతాను, నవ్వకండి. నాలో ఇద్దరున్నారు, సినిమావాడూ కవీ. వాళ్ళిద్దరికీ ఎన్నడూ కుదరదు. ఈసారి కుదర్చాలనుకున్నాను. ఆ చెయ్యిని కందపద్యంలో కోశాను. అంటే సినిమా నడుస్తూ ఉండగా మధ్యమధ్య తెర చీకటైపోతుంది. లఘువుకి ఒక క్షణం చీకటి, గురువుకి రెండు క్షణాలు. గణాలు తప్పలేదు. ఆ పైన మొత్తం సినిమాని వెనక్కి తిప్పాను, చివరి నుంచి మొదటికి.

ఎందుకు వెనక్కి తిప్పావంటే, ఉపన్యాసాల్లో అయితే కాలం గురించి అరగంట చెబుతాను. అసలు సంగతి వేరు. మామూలుగా నడిపితే కమోడ్లు చివర్లో మునిగిపోతాయి, సినిమా విషాదాంతం. వారోత్సవానికి విషాదం బాగుండదు.

తీసిన అసలు ముక్కలు చెరిపేశాను. చిత్తుప్రతి దాచే కవి తన మీద నమ్మకం లేనివాడని అప్పట్లో ఒక వ్యాసం కూడా రాశాను. చెరపడానికి కారణం ఆ వ్యాసం కాదు. మర్నాడు మెటియాబ్రుజ్‌లో ఒక పుట్టినరోజు ఉంది, నా దగ్గర ఉన్నది ఒకటే మెమరీ కార్డు.

మేనేజరు సినిమా చూశాడు. రెండు నిమిషాలు చూసి ఆపేసి, నేరుగా విచారణ ఫైలులో పెట్టేశాడు.

పైడమ్మ

ఈ సంగతి క్వార్టర్స్‌కి నాకంటే ముందు చేరింది. పొద్దున్నే పైడమ్మొదిన ఎండుచేపల సంచితో మా గుమ్మంలో నిలబడింది.

"కవిగోరూ, నీ సిన్మాలో ఎవుడి తప్పుందో నాకు సెప్పకు."

"నాకూ తెల్దొదినా."

"తీసినోడివి నువ్వే గదా?"

"తీసినప్పుడు మురీ తింతన్నాను."

"మరి సేసినప్పుడో? కోసీవు, కుట్టీవు, అప్పుడైనా సూడలేదేటి?"

"చీకటి ఎంతసేపుండాలో అదే సూసుకున్నాను."

ఆవిడ నా వంక చూసిన చూపుని నేను ఏ విమర్శకుడి దగ్గరా చూడలేదు.

"ఇదిగో ఇనుకో. అల్లక్కడ గెలిచినోడు నా మొగుడైతే, నా తమ్ముడు పెళ్ళాం పిల్లల్తో రోడ్డు మీదుంటాడు. తమ్ముడు గెలిస్తే మేఁవుంటాం. రెండు పొయ్యిలూ నాయే. దేన్నారపమంతావు? నువ్వు సిన్మావోడివి గదా, ఇద్దరిదీ తప్పు కాదన్నట్టు ఏదో ఒక కథ కట్టెయ్."

"ఒదినా, నేను కథలు తియ్యను."

"ఏల?"

ఏమని చెప్పాలి? కథ చెప్పేవాడు పిరికివాడని నిర్మల్‌దా అన్నాడనా? ఎండుచేపల సంచి గుమ్మంలో పెట్టి, తీసుకెళ్ళమన్నా వినకుండా వెళ్ళిపోయింది. ఆ చేపలు మేము తిన్నాం. చాలా బాగున్నాయి. ఆ సంగతి దాచడం భావ్యం కాదు.

విచారణ గది

విచారణ డాక్ ఆఫీసు మేడ మీద జరిగింది. విచారణాధికారి సన్యాల్‌బాబు, పదవీ విరమణ దగ్గర పడ్డ మనిషి, మెడకి మఫ్లరు. పక్కన టైపు చేయడానికి మాలతి అక్క, ఇక్కడి పలుకులో మాలతీది. ఎదురుగా మేనేజరు. వెనక బెంచీ మీద ఒక చివర అప్పలస్వామన్న, ఇంకో చివర కామేసు. మధ్యలో ఇంకో నలుగురు పట్టేంత ఖాళీ. పైడమ్మొదినని లోపలికి రానివ్వలేదు. మెట్ల మీద కూర్చుంది.

సన్యాల్‌బాబు నన్ను వృత్తి అడిగారు.

"ప్రయోగాత్మక చలనచిత్ర దర్శకుణ్ణి. కవిని."

పెన్ను ఆగింది. కలకత్తాలో విచారణాధికారి కూడా కవే అయి ఉంటాడని నాకు ముందే తెలియాల్సింది.

"ఛందస్సులో రాస్తారా?"

"సినిమా కూడా ఛందస్సులోనే తీశానండీ."

ఇక అరగంట విచారణ ఆగింది. కందపద్యం అంటే ఏమిటో బల్ల మీద వేళ్ళతో తట్టి చూపించాను. ఆయన బెంగాలీ ఛందస్సు పయారు తట్టి చూపించారు. మాలతీది ఇవన్నీ టైపు చేయాలా వద్దా అని రెండుసార్లు అడిగింది. మేనేజరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేదు.

తర్వాత కంప్యూటర్ తెర మీద సినిమా మొదలైంది.

మొదట నీళ్ళు. నీళ్ళు ఒక్కసారి విచ్చుకున్నాయి. అందులోంచి తెల్లటి కమోడ్ ఒకటి గాల్లోకి లేచి గట్టు మీద వాలింది. దాని వెనక ఇంకోటి. చీకటి. మళ్ళీ మూడు. ఒంటి మీద తడి లేకుండా, కొంగల బారులాగా వచ్చి దొర్లుకుంటూ పెట్టెలోకి వెళ్ళి సర్దుకున్నాయి. విరిగిన చెక్కలు లేచి వచ్చి వాటి చుట్టూ అతుక్కున్నాయి. పెట్టె గాల్లోకి లేచింది.

"ఓ మా, ఎంత బాగుందో!" అంది మాలతీది.

"ఇది వెనక్కి నడుస్తోంది సార్!" అన్నాడు మేనేజరు.

"కనపడుతోంది. ఎందుకు వెనక్కి తిప్పారు?" అని సన్యాల్‌బాబు నన్ను అడిగారు.

కాలం గురించిన ఉపన్యాసం గొంతుదాకా వచ్చింది. వెనక బెంచీ మీద ఉన్న ఇద్దరినీ చూశాక రాలేదు.

"భద్రత కోసం అండీ," అన్నాను.

ఆయన తల ఊపారు. "ఈ సినిమా ప్రకారం కంపెనీకి ఏ నష్టమూ జరగలేదు. పైగా ఉచితంగా కమోడ్లు వచ్చాయి. ఇది రాసుకోనా మేనేజరు గారూ?"

మేనేజరు లేచి నిలబడ్డాడు. "చెయ్యి సార్, చెయ్యి చూడండి. దించమన్నాడా లేదా అన్నదే కదా!"

సరిగ్గా పెట్టె దిగిన ఆ క్షణం దగ్గర తెర చీకటైంది. గురువు. రెండు క్షణాలు. నా ఛందస్సు మీద నాకు ఎప్పుడూ అంత అసహ్యం వేయలేదు.

వెలుగు వచ్చేసరికి కామేసు చెయ్యి అతని గుండె మీద ఉంది.

చీకటి. లఘువు.

ఇప్పుడు చెయ్యి నుదుటి మీద ఉంది. అవతల, డాక్ గోడ పైన, ఏదో పసుపుగా మెరుస్తూ మెల్లగా వెనక్కి జరుగుతోంది. ఆ మెరుపుని ఎడిటింగ్‌లో నేను ఎన్నోసార్లు చూశాను. ఎర్ర గోడ మీద పసుపు బాగుందనుకున్నాను, అంతే. ఒకే వస్తువుని విసుగు దాటేదాకా చూసే విద్య నేర్చినవాణ్ణి. ఈ గదిలో అందరికీ ఒక్క చూపులో అర్థమైంది. అది కిరీటం. పక్కన వీణ కొన. సరస్వతీ పూజ అయిపోయి, కుర్రాళ్ళు విగ్రహాన్ని లారీలో గంగలో కలపడానికి తీసుకుపోతున్నారు. నా సినిమాలో మాత్రం అమ్మవారు గంగ నుంచి వెనక్కి తిరిగి వెళ్ళిపోతోంది.

మాలతీది వేళ్ళు టైపు మీట్ల మీంచి లేచాయి. నుదుటికి తగిలాయి, గుండెకి తగిలాయి. మేనేజరు చెయ్యి విజిల్ వదిలేసి నుదుటికి వెళ్ళింది. సన్యాల్‌బాబు చేతిలో పెన్ను ఉందన్న సంగతి మరిచిపోయి దండం పెట్టుకున్నారు. నుదుటి మీద సిరా చుక్క పడింది. వెనక బెంచీ మీద అప్పలస్వామన్న, కామేసు, ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు, ఒక్క తాళంలో నుదురూ గుండే ముట్టుకున్నారు. నేను నాస్తికుణ్ణని మూడు కవితల్లో రాశాను. నా చెయ్యి ఆ కవితలు చదవలేదు.

కలకత్తాలో ఉన్న వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బస్సు కాళీగుడి పక్కనుంచి వెళితే అందులోని చేతులన్నీ ఒక్కసారి లేచి దిగుతాయి. లేచినట్టు ఆ మనుషులకే తెలీదు. మాట మధ్యలో, నిద్ర మధ్యలో, జేబులో చిల్లర వెతుక్కునే మధ్యలో చెయ్యి తన పని తాను చేసుకుని వస్తుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా వాళ్ళకి ఇక్కడి భాష రావడానికి ఏళ్ళు పట్టింది గానీ, ఈ దండం మొదటి వారంలోనే పట్టుబడింది.

సన్యాల్‌బాబు అందరినీ ఒక్కొక్కరిగా చూశారు.

"మళ్ళీ వెయ్యండి," అన్నారు. "ఈసారి ఎవరూ చెయ్యి ఎత్తకూడదు. ఇది నా ఉత్తర్వు."

మళ్ళీ వేశాను. కమోడ్లు మళ్ళీ ఎగిరాయి. మేనేజరు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మాలతీది బల్ల అంచు పట్టుకుంది. కిరీటం వచ్చింది. బల్ల అంచు వదిలేసి ఒక చెయ్యి, తొడ కింద నుంచి ఒక చెయ్యి. సన్యాల్‌బాబు నుదుటి మీద రెండో సిరా చుక్క.

కామేసు బెంచీ మీంచి లేచాడు. "నేనీ పనే సేసేనా బావా? నాకు తెల్దు. సత్తెపెమానకంగా నాకు తెల్దు."

"సెయ్యి పైనుంచి దిగింది," అన్నాడు అప్పలస్వామన్న. "దిగితే ఆరియాయే గదరా నాకు. దింపేసేను."

"ఆపమనే నిలబెట్టేను."

"నిలబెట్టీవు. అదే ముందు కనపడింది."

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదని ఆ గదిలో మొదట నమ్మింది వాళ్ళిద్దరే.

"సరే గానీ సార్," అన్నాడు మేనేజరు, "బాధ్యులు అని ఒక గడి ఉంది. అందులో ఎవరి పేరో ఒకటి రాయాలి కదా?"

"ఎవరి పేరు రాయమంటారు? అమ్మవారిని పిలిపించమంటారా? ఆవిడ చిరునామా ఇప్పుడు గంగ." సన్యాల్‌బాబు మఫ్లరుతో నుదురు తుడుచుకున్నారు. సిరా మరింత అలుముకుంది. "వీళ్ళని తీసేస్తే, అదే తప్పుకి నన్నూ తీసేయాలి. ఇప్పుడే రెండుసార్లు చేశాను, అదీ నా ఉత్తర్వు ఉండగా."

ఇద్దరినీ తిరిగి పనిలోకి తీసుకోమని రాశారు. గోడ ఎత్తు పెంచమని కూడా సూచించారు. గోడ ఇప్పటికీ అంతే ఎత్తు ఉంది.

నా సినిమా ఇద్దరి ఉద్యోగాలు నిలబెట్టిందని నేను చాలా చోట్ల చెప్పుకున్నాను. చెయ్యి దిగిన ఆ రెండు క్షణాలు నా చీకటి కింద పోయాయి; సినిమా నిరూపించింది ఏమీ లేదు. నిలబెట్టింది సన్యాల్‌బాబు నుదుటి మీది సిరా. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నా దగ్గర ఉన్న సలహా అంతా ఇంతే: మీరు రంగు అనుకున్నది ఎవరికో దేవుడు అయి ఉండొచ్చు. కోసే ముందు ఒకసారి పక్కింటివాళ్ళని పిలిచి చూపించండి. తలుపు గొళ్ళెం తీసే ఉంచండి.

ఎడమ చెయ్యి

మెట్ల మీద పైడమ్మొదిన ఇద్దరూ కలిసి దిగి రావడం చూసింది. ఏడవలేదు. జరిగిందంతా చెప్పించుకుంది. వినగానే తమ్ముణ్ణి తగులుకుంది.

"బాగుంది. రేపు కాళీ పూజొత్తాది, దుర్గ పూజొత్తాది. నీ సెయ్యి మళ్ళీ లెగుత్తాది. మీ బావ మళ్ళీ దింపుతాడు. అప్పుడూ కమోడ్లు ఎనక్కి లెగుత్తాయేటి?"

"సెయ్యి కట్టేసుకుంతానప్పా," అన్నాడు కామేసు అక్కతో.

"కట్టేసుకుంటే హబీసెవుడిత్తాడు, నీ తాతా?"

"పోనీ ఎడంసేత్తో దండం ఎట్టుకోమను," అన్నాడు అప్పలస్వామన్న.

ఆవిడ మొగుడి వంక తిరిగింది. "ఎడంసేత్తో అమ్మోరికి దండమేటి! కళ్ళు పోతాయి. దండం కుడిసేత్తోనే. నీ ఆరియాలూ హబీసులూ ఎడంసేత్తో ఆడించుకోండి. ఇనపముక్కకి కుడేటి, ఎడమేటి?"

మర్నాటి నుంచి కామేసు ఎడమ చేత్తో చెప్పడం మొదలుపెట్టాడు. కుడి చెయ్యి దాని ఇష్టానికి వదిలేశాడు. అది ఎప్పుడు లేచినా అప్పలస్వామన్న అటు చూడలేదు. ఆ ముఠాలో మిగతావాళ్ళు కూడా నెమ్మదిగా అలాగే మారారు. మేనేజరు ఏమీ అనలేదు. ఆయన కూడా విజిల్ ఎడమ చేతికి మార్చుకున్నాడని అంటారు. అది నేను చూడలేదు, కల్పించి ఉండొచ్చు.

అప్పలస్వామన్న, కామేసు ఇద్దరూ రిటైరయ్యారు. పోయిన నెలలో స్రవంతి డాక్ చూస్తానంటే తీసుకెళ్ళాను. ఖిదిర్‌పూర్ బ్రిడ్జి మీద నిలబడి ఫోన్‌తో చాలాసేపు తీసింది. తర్వాత గేటు దగ్గర టీ తాగుతుంటే, పని దిగి వచ్చిన ఒక బీహారీ మనిషి మా పక్కన కూర్చున్నాడు. స్రవంతి ఫోన్‌లో తాను తీసింది అతనికి చూపించింది. అందులో ఓడ అంచున అతనే ఉన్నాడు.

"భయ్యా, అందరూ ఎడమ చేత్తోనే చెబుతున్నారేం?" అని హిందీలో అడిగింది.

"రూలు," అన్నాడతను, గ్లాసు తిప్పుకుంటూ.

"ఎవరు పెట్టిన రూలు?"

"పాతది. ఇంగ్లీషువాళ్ళ కాలం నాటిది అంటారు."

"కాదు," అన్నాను నేను. "పైడమ్మ అని ఒకామె పెట్టింది."

అతను నా వైపు మర్యాదగా తిరిగాడు. "ఇంజనీరా ఆవిడ?"

"చీఫ్ ఇంజనీరు," అన్నాను.